రంగు వెయ్యకూడని చోటు

చిట్టెమ్మ కొడుకు పనిచేసేది పడవల దగ్గరే అయినా నీళ్లలో కాదు. ఆ సంగతి చిట్టెమ్మకూ తెలుసు. తెలిసినా లాభం లేకపోయింది. సౌదీలోని జెద్దాలో తను వంటా ఇంటిపనీ చేసే ఇంటి నుంచి రోజుకు మూడుసార్లు కొడుక్కి ఫోను చేస్తుంది.

"ఒరే ఉదయ్, నీళ్లకి దూరంగా ఉన్నావా?"

"పడవ నేల మీదుందమ్మా. నేనూ నేల మీదే ఉన్నాను."

"అయ్యబాబోయ్, నేల మీద ఉందంటే ఇంకా బయం కదరా! నీళ్లలో అయితే తేల్తది. నేల మీదయితే నీ మీద పడ్తది."

ఉదయకిరణ్ నవ్వి మళ్లీ పనిలో పడతాడు. జెద్దా ఊరి చివర ఒభూర్ వైపు, సముద్రం ఒడ్డున అతను పనిచేసే యార్డులో పడవల్ని క్రేనుతో పైకెత్తి, ఇనప కాళ్ల మీద నిలబెడతారు. అడుగున పేరుకున్న నాచూ గుల్లలూ గోకి, మళ్లీ పట్టకుండా మందు రంగు పూసి తిరిగి నీళ్లలోకి దించుతారు. పైన చూస్తే అద్దాలూ మెత్తటి సీట్లూ, అడుగున చూస్తే ముసలి తాబేలు వీపు. "పైన పటారం, లోన లొటారం" అనుకుంది చిట్టెమ్మ మొదటిసారి చూసినప్పుడు. ఆవిడకిది కొత్త కాదు. ఉప్పాడ ఒడ్డున పుట్టింది. వాళ్లయ్య నావను ఇసకలోకి లాగి, తాటాకు మంటతో అడుగు కాల్చి, గుల్లలు గీకి, జీడినూనె పూస్తుంటే పక్కన కుంచె పట్టుకుని పెరిగింది.

ఆ అయ్యే ఒకరోజు వేటకెళ్లి రెండు రాత్రులు తిరిగి రాలేదు. మూడోనాడు నవ్వుతూ ఒడ్డుకొచ్చాడు, కానీ చిట్టెమ్మ గుండె మాత్రం ఆ రెండు రాత్రుల దగ్గరే ఆగిపోయింది. అప్పటినుంచీ ఎవరు గడప దాటినా ముందు చావే గుర్తొస్తుంది ఆవిడకు.

ఉదయకిరణ్ మొదట హఫర్ అల్ బాతిన్‌లో ఒక కట్టడం పనుల కంపెనీలో చేరాడు. రెండేళ్లున్నాడు. ఆ రెండేళ్లలో చిట్టెమ్మ కొడుకును చూసింది ఒక్కసారి. ఎడారి, ఎండదెబ్బ, తేళ్లు, దుమ్ము తుఫాను, పైనుంచి ఇటికలు. ఆవిడ భయాలకు అక్కడ కొరత లేదు. చివరికి యార్డు ఫోర్‌మన్ దిలావర్ కాళ్లావేళ్లా పడి కొడుకును జెద్దాకు రప్పించుకుంది. దిలావర్ హైదరాబాదు మనిషి. మాట కరుకు, మనసు మెత్తన.

"మూడు నెలలు చూస్తనక్కా," అన్నాడాయన. "ఒక్క పడవ మొత్తం తానొక్కడే చెయ్యాలె. మంచిగ చేస్తే నకల్ కఫాలా చేయిస్త, వాని వీసా మా యార్డు మీదికి మారిపోతది. లేకుంటే పాత కంపెనీకే వాపస్. మళ్ల నన్నడగొద్దు."

ఆ మూడు నెలలూ ఈ శుక్రవారంతో అయిపోతాయి. ఉదయకిరణ్ ఒక్కడే చేసిన పడవ సాయంత్రం అసర్ నమాజు తర్వాత నీళ్లలోకి దిగుతుంది. దిగేముందు దిలావర్ చూసి సరే అంటే కొడుకు జెద్దాలో ఉంటాడు. కాదంటే ఆదివారం బస్సులో హఫర్‌కు.

చిట్టెమ్మకు వారం నుంచి నిద్ర లేదు. శుక్రవారం పొద్దున లేచి చేపల పులుసు పెట్టింది. ముగ్గురికి సరిపడా పెట్టి, తర్వాత ఎందుకైనా మంచిదని ఆరుగురికి పెట్టింది. తను పనిచేసే మేడం ఇంటి డ్రైవర్ షాబాజ్ కారులో దింపుతుంటే దారి పొడుగునా సీటు బెల్టునూ గిన్నె మూతనూ రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

యార్డులో పడవ కొత్త పెళ్లికూతురిలా నిలబడి ఉంది. అడుగంతా ముదురు నీలం. ఎక్కడా చార లేదు, కారిన మరక లేదు. చిట్టెమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది, ఇనప కాళ్లకు నాలుగడుగుల దూరంలోనే.

"ఎంత బాగా వేసేవురా అయ్యా!" అంది. వెంటనే, "మంచిగా వేసేవని ఎవరి కళ్లయినా పడితేనో?" అంది.

"కళ్లు పడితే పడనీ. చెయ్యి పడకపోతే చాలు," అన్నాడు ఉదయకిరణ్. "రంగు పైపైన ఆరిందంతే. నేను గదికెళ్లి స్నానం చేసి పళ్లేలు తెస్తాను. దిలావర్ భాయ్ మధ్యాహ్నం జుమ్మా నమాజుకెళ్లాడు, వచ్చాక అందరం తిందాం. అమ్మా, ఏదీ ముట్టుకోకు."

"నాకేం పనిరా ముట్టుకోడానికి?"

"ఒట్టు?"

"ఎల్లెహె!"

కొడుకు వెళ్లిపోయాడు. జుమ్మా వేళ కావడంతో యార్డులో చీమ చిటుక్కుమనడం లేదు. చిట్టెమ్మ నీడన కూర్చుంది. కాసేపు పులుసు గిన్నెను చూసింది. కాసేపు ఇనప కాళ్లను చూసింది. తర్వాత ఊరికే ఉండలేక పడవ వెనక వైపుకు వెళ్లి వంగి చూసింది.

మళ్లీ వంగి చూసింది.

పడవను నడిపే పంకా దగ్గర, అంత నీలం మధ్యన, అరచేయంత దిమ్మ ఒకటి బోడిగా ఉంది. తెల్లగా, సీసపు రంగులో. ఒక్క చుక్క రంగు లేదు!

"అయ్యో నా కొడకా, మర్చిపోయేవురా!" అంది పైకే.

చిట్టెమ్మ ఆలోచన ఎప్పుడూ నడవదు, పరిగెడుతుంది. ఆ ఖాళీలో రేపు ఒక గుల్ల చేరుతుంది. దాని పక్కన దాని చెల్లెలు. నెల తిరిగేసరికి బంధువర్గమంతా దిగుతుంది. వేలెడంత చోటు వదిలితే వాళ్లయ్య మొట్టికాయ వేసేవాడు. కానీ అంతదాకా ఎందుకు? గంటలో దిలావర్ వస్తాడు, ఈ బోడి దిమ్మను చూస్తాడు, ఆదివారం బస్సు, హఫర్, తేళ్లు...

పడవ కింద ప్లాస్టిక్ కప్పిన ట్రేలో రంగు ఇంకా మిగిలి ఉంది. పక్కనే కుంచె. బ్యాగులో వంటింటి గ్లవ్సు ఎప్పుడూ ఉంటాయి, అవి తొడుక్కుంది. ఇనప కాళ్ల భయం కూడా మర్చిపోయి పడవ కిందికి దూరింది. వాళ్లయ్య నేర్పినట్టు ఒకే వైపు, ముందు నుంచి వెనక్కి, పల్చగా రెండు చేతులు వేసింది. దిమ్మ నీలంలో కలిసిపోయింది. ఎక్కడ ఉందో వెతికినా దొరకదు. ముక్కు దురద పెడితే గోక్కుంది. కుంచె తుడిచి, ట్రే కప్పి, గ్లవ్సు బ్యాగులో దాచి, ఏమీ ఎరగనట్టు నీడలోకి వచ్చి కూర్చుంది. ఇన్నాళ్లకు కొడుక్కి ఒక పనికొచ్చే పని చేశానన్న తృప్తితో కడుపు నిండిపోయింది.

దిలావర్ మసీదు నుంచి తెల్లటి అరబ్బు అంగీ, తోబులో, అత్తరు వాసనతో వచ్చాడు. చిట్టెమ్మను చూసి ఒక్క క్షణం ఆగాడు. ఏదో అనబోయి మానుకుని, "బాగున్నవా అక్కా?" అన్నాడు.

"ఆయ్, మీ దయండి. ముందు రెండు ముద్దలు తినండి, తర్వాత చూద్దురు గానీ."

"ముందు పని. పులుసు తిన్నంక నాకు అన్ని పడవలూ మంచిగనే కనపడ్తయ్."

ఆయన ఫోను లైటు వేసి తిన్నగా వెనక్కే వెళ్లాడు. వంగాడు. లేచాడు. మళ్లీ వంగాడు.

"జింక్ ఏది?"

చిట్టెమ్మ గబుక్కున లేచి నిలబడింది. "ఏ జింక్ అండి?"

"ఇక్కడ జింక్ దిమ్మ ఉండాలె. పొద్దున చూసిన. ఇప్పుడు రంగు కిందికి పోయింది. అరే, పదిహేనేండ్లల్ల నేను పనిలకెళ్లి తీసేసినోళ్లు ఇద్దరే ఇద్దరక్కా. ఇద్దరూ ఇదే పని చేసిన్రు. జింక్‌కు రంగు పూసినోడికి నా యార్డుల జాగా లేదు!"

సరిగ్గా అప్పుడే ఉదయకిరణ్ తల తుడుచుకుంటూ, పళ్లేలు పట్టుకుని వచ్చాడు. దిలావర్ వేలు చూపించాడు. ఉదయకిరణ్ దిమ్మను చూశాడు. తర్వాత తల్లిని చూశాడు. తల్లి ముక్కు కొన మీద చిక్కుడుగింజంత నీలం రంగు మెరుస్తోంది.

పళ్లేలు కింద పెట్టాడు.

"నేనే పూశాను భాయ్," అన్నాడు.

చిట్టెమ్మ ఆలోచన మళ్లీ పరిగెత్తింది. నిజం చెబితే? పరాయి యార్డులో పరాయి పడవకు రంగేసిందని మేడంకు చెప్పేస్తారు. తన వీసాకు పూచీ ఉన్న కఫీలు సారే, మేడం ఆయనకు చెబుతుంది. సారు పోలీసులకు చెబుతాడు. జైలు, ఎగ్జిట్ ముద్ర, విమానం, ఆ విమానం మధ్యలో... చెప్పకపోతే? కొడుకు హఫర్‌కు. తన చేత్తో తనే పంపినట్టు.

"వాడు కాదండి!" చిట్టెమ్మ అడ్డం వచ్చింది. "నేనండి. వాడు ముట్టుకోవద్దన్నాడండి. ఒట్టు కూడా అడిగేడండి. నన్ను పంపించేయండి ఆ హఫర్‌కి! వాడినొదిలేయండి!"

"అమ్మా, నువ్వూరుకో."

"నువ్వూరుకో!"

దిలావర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీ ఇద్దర్ల ఎవరు అబద్ధమాడ్తున్నరో తెల్వకపోడానికి నేను గుడ్డోన్ని కాదక్కా. వచ్చినప్పుడే చూసిన. ఆడవాళ్ల ముక్కు మీద నీలం బొట్టు కొత్త ఫ్యాషనేమో అనుకున్న."

చిట్టెమ్మ ముక్కు తడుముకుంది. ఇప్పుడు వేళ్లూ నీలమయ్యాయి.

"ఎందుకు పూసినవ్?" అన్నాడు దిలావర్, నవ్వకుండానే.

"ఖాళీ వదిలేసేడండి! అంత జాగా వదిలితే గుల్ల ఊరుకుంటదా? మా అయ్య నావకి గోరంత కూడా వదిలేవాడు కాడు. మర్చిపోయేడనుకుని..."

ఉదయకిరణ్ ఇక ఆగలేకపోయాడు. "మర్చిపోలేదమ్మా! వదిలిందే కావాలని! తాతది చెక్క నావ, దానికి జింకు లేదు. దీనికి ఉక్కు ఇరుసు, కంచు పంకా. ఉప్పునీళ్లలో ఈ లోహాలు ఒకచోటుంటే సముద్రం ఏదో ఒకదాన్ని తింటూనే ఉంటది. పంకాని తినకుండా దానికి ఈ జింకు పడేస్తాం. నీళ్లు తగిల్తేనే ఇది అరుగుద్ది, ఇది అరిగినన్నాళ్లూ అవి బాగుంటాయి. నువ్వు దాని మీద రంగేసేవంటే కంచానికి మూతేసినట్టే! ఇంక సముద్రం పంకా మీద పడ్తది. సగం అరిగేక మార్చాలి దీన్ని, ఏడాదికోసారి. అందుకే పొద్దున కొత్తది బిగించి, కింద తుప్పు గీకి, బోల్టు ఆనిందో లేదో చూసి, చుట్టూ టేపేసి మరీ రంగేసేను. ఆ టేపు పీకేసరికి నా వేళ్లు పడిపోయేయి!"

ఒక్క గుక్కలో అనేసి వగర్చాడు. చిట్టెమ్మ కొడుకును నోరు తెరుచుకుని చూసింది. వీడికి ఇన్ని తెలుసా? తర్వాత ఆ దిమ్మ వైపు చూసింది.

"మరి అది అరిగిపోవాల్సిందేనా? పాపం, దానికి కప్పుకోడానికి ఓ చుక్క రంగు కూడా ఇవ్వరా?"

దిలావర్ ఇక తట్టుకోలేకపోయాడు. పడవకు ఆనుకోబోయి, తడి రంగు గుర్తొచ్చి, వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు.

"అక్కా, సాయంత్రం వీన్ని కూసోబెట్టి నాలుగు సవాళ్లు అడుగుదామనుకున్న. జింక్ ఎందుకు, ఎక్కడ, ఎప్పుడు మార్చాలె అని. నేను అడిగితే నత్తి నత్తిగ చెప్పేటోడు. నువ్వు పూసినవ్, వాడు నీ మీద కోపంల అన్నీ అప్పజెప్పిండు. నేను తీసేసిన ఆ ఇద్దరికీ జింక్ ఎందుకో ఎన్నడూ తెల్వలేదు. వీనికి తెల్సు. పరీక్ష అయిపోయింది."

"అయిపోయిందంటే... పోయినట్టా అండి?"

"పాసైనట్టు! ఆదివారం నకల్ కాయిదాలు పెడ్త. కానీ అసర్ లోపల ఆ జింక్ పొద్దున ఎట్లుండెనో అట్ల కావాలె. ఎవరు పూసిన్రో వాళ్లే తియ్యాలె."

అది శిక్ష అని దిలావర్ అనుకున్నాడు. పాతికేళ్లుగా మాడిన గిన్నెలు తోమిన మనిషికి అది శిక్షేమిటి! థిన్నర్ గుడ్డతో రంగు తుడిచి, గరుకు కాగితం తీసుకుని చిట్టెమ్మ పడవ కింద చేరింది. మూలలు, బోల్టు తలలు, అంచులు. ఉదయకిరణ్ "చాలమ్మా" అన్నప్పుడల్లా ఇంకోసారి రుద్దింది. గంట తిరిగేసరికి దిమ్మ వెండి కుంచంలా మెరిసింది. దిలావర్ లైటు వేసి చూసి, తన ముఖం కనబడితే మీసం సవరించుకున్నాడు.

అసర్ తర్వాత క్రేను వచ్చింది. పట్టీలు తగిలించి పడవను పైకెత్తుతుంటే చిట్టెమ్మ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి అది నీళ్ల మీద, ఏమీ జరగనట్టు ఊగుతోంది. ఎవరూ చావలేదు. చిట్టెమ్మకు ప్రాణం లేచొచ్చింది. కొడుకు జెద్దాలోనే ఉంటాడు. ప్రతి శుక్రవారం పులుసు తింటాడు. నేల మీదే ఉంటాడు.

"రంగు పని వచ్చేసింది," అన్నాడు దిలావర్, ఉదయకిరణ్ భుజం తట్టి. "వచ్చే నెల డైవింగ్ నేర్పిస్త. పెద్ద పడవల్ని ప్రతిసారీ పైకెత్తలేం కద. నీళ్ల కిందికి పోయి, అక్కడే గుల్లలు గీకి, అక్కడే జింక్ మార్చాలె."

ఉదయకిరణ్ ముఖం వెలిగింది. చిట్టెమ్మ ముఖంలో నీలం ఒక్కటే మిగిలింది.

"నీళ్ల... కిందికా అండి?"

"నాలుగు మీటర్లే అక్కా."

"సొరచేపలుంటాయి కదండి?"

"ఈ మురికి నీళ్లల్లకి అవి రావు. వాటిక్కూడా శుభ్రం కావాలె."

"అయితే వీడి నడుముకి ఓ తాడు కట్టండి. కొస నాకివ్వండి. నేను ఒడ్డున కూర్చుని పట్టుకుంటాను. శుక్రవారాలే దింపండి, మేడం సెలవిస్తది."

"తాడుండదక్కా. గాలి సిలిండర్ ఉంటది."

"తాడు లేకపోతే నేనేం పట్టుకోవాలండి?" అంది చిట్టెమ్మ, నిజంగానే అర్థం కాక.

ఉదయకిరణ్ కింద పెట్టిన పళ్లేల్లోంచి దిలావర్ ఒకటి తీసి, తోబు అంచుతో తుడిచి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇప్పటికి గరిటె పట్టుకో అక్కా. జుమ్మా నుంచి ఖాళీ కడుపుతోనే ఉన్న."