లోపలివైపు గడియ

నేను ఒక ఇత్తడి గడియను. బాత్రూమ్ తలుపుకు లోపలివైపు ఉంటాను, అందుకే మనుషులు బయట చెప్పుకునేవి అంతగా నమ్మను. నన్ను పోతపోసినవాడు ఆకురాయితో నునుపు చేసి సంతలో అమ్మాడు. మొదట ఒక పెంకుటింట్లో పనిచేశాను. ఆ ఇంటి కోడలు నన్ను వేసుకుని కరువుతీరా ఏడ్చి, ముఖం కడుక్కుని నవ్వుతూ బయటికి వెళ్లేది. ఆ ఇల్లు పడగొట్టాక పాతసామాను కొట్లోంచి కాకినాడలో ఈ ఫ్లాటుకు వచ్చాను.

ఇక్కడి యజమాని శేషసాయి, జూనియర్ కాలేజీలో లెక్కల మేష్టారు. నలభై రెండేళ్లు. భార్య నీరజ. ఆయన నోట్లో నాలుక లేదంటారు అందరూ. ఫోను పట్టుకుని లోపలికొచ్చి, నన్ను వేసి, పడ్డానో లేదో రెండుసార్లు లాగి చూసి, కుళాయి తిప్పేవాడు. నీళ్ల చప్పుడు వింటే స్నానం అనుకుంటారని. ఫోనులో బూతు బొమ్మలు చూడడం మొదట్లో పది నిమిషాలు, తర్వాత గంట. అయిపోగానే "ఇదే ఆఖరు" అని అద్దం ముందు ఒట్టేసుకునేవాడు. లెక్కల మేష్టారై ఉండీ ఆ ఆఖర్లు ఎన్నయ్యాయో చూసుకోలేదు. సరదా ఎప్పుడో పోయింది, వణుకు మిగిలింది. ఒకరోజు నేలమీద కూలబడి, "నీరజ ముఖం గుర్తు చేసుకుందామంటే రావడం లేదు. అవే వస్తున్నాయి" అని గొణుక్కున్నాడు. నాకు భయమేసింది.

ఐదంతస్తులకూ ఒకటే ట్యాంకు. కాలేజీకి సెలవులిచ్చాక వారంలో మూడుసార్లు మధ్యాహ్నానికే ఖాళీ అయింది. అందరూ మోటారును తిట్టి ప్లంబరు గనిరాజును పిలిచారు. అతను పైపులన్నిటికీ చెవి ఆనించి వింటూ వచ్చి మా తలుపు ముందు ఆగాడు.

"లీకేం లేదండి మేడంగారూ. ఈ బాత్రూంలోనే గంట నుంచీ కుళాయి పోతా ఉందండి."

నీరజ అతన్ని పంపేసి తలుపు కొట్టింది. "ఏవండీ, తియ్యండి."

చెమట పట్టిన చెయ్యి నన్ను పట్టుకుంది గానీ లాగలేదు. "తీస్తే నువ్వు వెళ్లిపోతావు" అన్నాడు.

"మీరు నా దగ్గర లేక ఏడాదైంది. తియ్యండి."

తీశాడు. అంతా చెప్పాడు. ఆమె అరిచింది, ఏడ్చింది, మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోనాడు ఇద్దరూ మనసు డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. రాగానే అతనే నన్ను ఊడదీశాడు.

ఇప్పుడు మేకుల డబ్బాలో ఉన్నాను. నిన్న నీరజ కూరలకు వెళ్లగానే మూత లేచింది. అతని వేళ్లు మేకుల్లో వెతికి నన్ను పట్టుకున్నాయి. రెండో చేతిలో ఫోను. ఇక అంతే అనుకున్నాను. నన్ను వదలకుండానే ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"నీరజా, నాకు భయంగా ఉంది. కూరలు తర్వాత కొందువుగాని, వచ్చెయ్."