డొమినో బల్ల దగ్గర పక్కచూపు

ఎర్సిలియో మోసం చేస్తున్నాడని నెరెయో శనివారం మధ్యాహ్నం మూలకొట్టు ముందు అందరూ వినేలా అన్నాడు. తన బిళ్లలు బల్ల మీద బోర్లించి లేచి నిలబడ్డాడు.

"గుడ్డివాడు నా బిళ్లల వైపు ఎందుకు చూస్తాడు? ముందు అది చెప్పండి."

"నీ బిళ్లలు నేను చూడలేదు," అన్నాడు ఎర్సిలియో.

"మరేం చూస్తున్నావు?"

"నా బిళ్లలే."

"నీ బిళ్లలు నీ ముందున్నాయి. నీ కళ్లు నా దగ్గరున్నాయి."

సాన్ పెద్రో చక్కెర మిల్లులో ఎర్సిలియో చెరకు బండ్లు తూచేవాడు. రిటైరయ్యాక రెండు కళ్లలోనూ చూపు నడిమిభాగం పోయింది, అంచులు మిగిలాయి. దేన్ని సూటిగా చూస్తే అది మాయమవుతుంది, దాని చుట్టూ ఉన్నవి ఉంటాయి. మనిషిని చూస్తే మొహం ఉండదు, చెవులు ఉంటాయి. పోయింది తిరిగి రాదని ఆసుపత్రిలో డాక్టర్లు చెప్పి, అక్కడే పనిచేసే యొకాస్తా దగ్గరికి పంపారు. మిగిలిన చూపును వాడుకోవడం నేర్పడం ఆమె ఉద్యోగం. ఎటు చూస్తే కావలసింది కనబడుతుందో ఆమె అతని చేతనే వెతికించింది. అతని విషయంలో అది కుడివైపు, కొంచెం పైకి. బిళ్ల కనబడాలంటే బిళ్లను వదిలి దాని కుడిపక్కన, పైన చూడాలి.

"చూడాలనుకున్నదాన్ని చూడకూడదా డాక్టరమ్మా? ఇదేం చదువు?" అని మొదట్లో అడిగేవాడు. తను డాక్టర్ని కానని ఆమె ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఊళ్లో ఎవరి మొహం కనబడకపోయినా పరవాలేదు, డొమినో బల్ల దగ్గర తన కుర్చీ పోకూడదు, అందుకే వచ్చానని మాత్రం మొదటి రోజే చెప్పాడు. నేర్చుకోవడానికి నెలలు పట్టింది.

ప్రతి బిళ్లకీ రెండు సగాలు, ఒక్కో సగంలో కొన్ని చుక్కలు; బల్ల మీది వరస చివర ఎన్ని చుక్కలుంటే అన్నే ఉన్న బిళ్ల దానికి ఆనించి పెట్టాలి. ఆట జంటలుగా ఆడతారు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు జంట. ఎర్సిలియోకి ఎదురుగా కొన్ఫెసోర్ కూర్చుంటాడు. అతని కూతురి జ్ఞానస్నానంలో ఎర్సిలియో జ్ఞానపిత, ఆనాటి నుంచి ఇద్దరూ ఒకరినొకరు కొంపాయ్ అనుకుంటారు. కుడివైపు నెరెయో, ఎడమవైపు తిర్సో. ఆట నడుస్తుండగా జంట మాట్లాడుకోకూడదు. కళ్లతో సైగ చేయకూడదు. చేసినవాడికి ఆ బల్ల దగ్గర మళ్లీ కుర్చీ ఉండదు.

"చూపున్నప్పుడు ఓడిపోయేవాళ్లు, పోయాక గెలుస్తున్నారు," అన్నాడు నెరెయో.

"నిన్న నేను చెయ్యి ఊపితే పలకలేదు," అన్నాడు తిర్సో. "కింద పడ్డ నా సిగరెట్టు మాత్రం తనే చూపించాడు. కనబడుతుందా, కనబడదా? ఏదో ఒకటి తేల్చు."

"రెండూ," అన్నాడు ఎర్సిలియో.

ఈ చూపు నేర్పినవాళ్లు వచ్చి చెప్పాలని, లేకపోతే కుర్చీ తిర్సో బావమరిదికి పోతుందని నెరెయో అన్నాడు.

మరుసటి శనివారం యొకాస్తా వచ్చింది. ఒక బిళ్ల ఎత్తి పట్టుకోమని నెరెయోతో చెప్పింది. ఎర్సిలియో సూటిగా చూసి "నీ వేళ్లున్నాయి, బిళ్ల లేదు," అన్నాడు. తర్వాత బిళ్లను వదిలి, దాని కుడిపక్కన గోడను చూసి "నాలుగు, ఒకటి," అన్నాడు. నెరెయో బిళ్ల తిప్పి చూసుకున్నాడు. నాలుగు, ఒకటి.

"అయితే అది సైగ కాదా?" అన్నాడు కొన్ఫెసోర్.

అందరూ అతని వైపు తిరిగారు.

"ఏది?" అన్నాడు ఎర్సిలియో.

"నువ్వలా పక్కకి చూసేది. చాలాసేపు చూస్తే చేతిలో అయిదులూ ఆరులూ ఉన్నట్టు, ఠక్కున తిప్పేస్తే చిన్నవి ఉన్నట్టు. నేను దాన్నిబట్టే ఆడుతున్నా కొంపాయ్. నువ్వు నాకు చెప్తున్నావనుకున్నా."

"నేనేం చెప్పలేదు!"

"మరి ప్రతిసారీ సరిపోయిందే?"

చుక్కలు ఎక్కువున్న బిళ్లలో చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయని యొకాస్తా చెప్పింది. వాటిని విడదీసుకోవడానికి చూపును పక్కన ఎక్కువసేపు నిలపాలి. "అలా నిలపమని నేర్పింది నేనే," అంది.

"అంటే మోసం జరిగింది, చేసినవాడు లేడు," అన్నాడు నెరెయో.

"చేసినవాడు లేకుండా ఎలా జరుగుతుంది?" అన్నాడు తిర్సో.

"నేనూ అదే అడుగుతున్నా."

"నన్ను చూడకండి. నేను చూశానంతే," అన్నాడు కొన్ఫెసోర్.

నల్లద్దాలు పెట్టుకుంటే కళ్లు ఎవరికీ కనబడవని యొకాస్తా అంది. పెట్టుకుంటే కొట్టు చూరు నీడలో ఎర్సిలియోకి చుక్కలు కనబడలేదు. చుక్కలు గుంటలుగా చెక్కి ఉన్నాయి కదా, వేలితో తడిమి చూడమంది. "తడుముకోవడానికా ఇన్ని నెలలు చూడ్డం నేర్చుకుంది?" అన్నాడతను. మిగతావాళ్లు తలలు తిప్పుకుంటే తన బిళ్లలన్నీ ఒక్కసారి చూసుకుని బోర్లిస్తానని, ఆపైన గుర్తుంచుకుని ఆడతానని చెప్పాడు. ఒప్పుకున్నారు.

ముగ్గురూ వీధి వైపు తిరిగారు. అతను చూసుకుని బోర్లించాడు. ఆట మొదలైంది. తన వంతు మూడోసారి వచ్చినప్పుడు మూడు కావలసిన చోట అయిదు పెట్టాడు. కొన్ఫెసోర్ నుదురు పట్టుకున్నాడు. తప్పు బిళ్ల పెడితే ఆ ఆట పోయినట్టే.

"అయిపోయింది," అన్నాడు ఎర్సిలియో. "మీ బావమరిదిని పిలు తిర్సో." కుర్చీ వెనక్కి జరిపాడు.

"కూర్చో," అన్నాడు నెరెయో.

"జాలి పడుతున్నావా?"

"జాలీ లేదు గీలీ లేదు. ఈసారి నా ఎదురుగా కూర్చో. ఇన్నాళ్లూ వాడికి చెప్పావు, ఇప్పుడు నాకు చెప్పు."

"నేనెవరికీ ఏమీ చెప్పలేదు నెరెయో!"

"సరే, చెప్పకుండానే చెప్పు."

"మరి నాకు?" అన్నాడు తిర్సో.

"నా కొంపాయ్‌ని మీరు పంచుకుంటారేంటి?" అన్నాడు కొన్ఫెసోర్.

కాసేపు అరుచుకున్నాక, ఆట ఆటకీ జంట మారాలని తేలింది. "అప్పుడు మోసం అందరికీ సమానం," అన్నాడు తిర్సో. అలా ఆడితే అది ఆటేనా అని ఎర్సిలియో యొకాస్తాను అడిగాడు. తనకు డొమినో రాదని ఆమె అంది. కుర్చీ ఉన్నట్టా, పోయినట్టా అని మళ్లీ అడిగాడు. ఆమె కుర్చీ వైపు చూసి, "ఉంది," అంది.

నెరెయో, కొన్ఫెసోర్ చోట్లు మారారు. నెరెయో బిళ్లలు కలిపాడు. ఎదురుగా కూర్చున్న కొత్త జతగాడి మొహం ఎలా ఉందో తెలుసుకోవాలని ఎర్సిలియో కుడివైపు, కొంచెం పైకి చూశాడు. వెనక ఎవరొచ్చారోనని నెరెయో తిరిగి చూశాడు.