లూదియా ఫ్లాస్కు

రోజూ తొమ్మిదింటికి లూదియా నంద్యాలలోని ల్యాబు తలుపు తీసి, ముందు ఫ్యాను వేసి, చెప్పులు మార్చుకుని, ఆ తర్వాతే ఫ్లాస్కు దగ్గరికి పోయేది. రాత్రంతా ఊపే మిషను మీద వెచ్చగా ఊగిన ఫ్లాస్కులో బ్యాక్టీరియా పలచని గంజిలా తెల్లగా నిలబడి ఉంటే ఆ రోజు పని సాగినట్టే.

ఆ బ్యాక్టీరియా తయారుచేసేది మనిషి ఎంజైమ్. మన నెత్తుటిలో ఉండి, బొగ్గుపులుసు గాలి ఊపిరితో బయటికి పోవడానికి సాయపడేది. దాన్ని శుద్ధి చేసి, చిన్న గొట్టాల్లో పోసి, పరిశోధనకు మాత్రమే అని చీటీ అంటించి వేరే ల్యాబులకు పంపుతారు. నాలుగేళ్ల కిందట దానికి జన్యువు కావాల్సి వచ్చి, ఎవరి రక్తం తీద్దామా అని ల్యాబు పెద్ద ఇంద్రజ మేడమ్ చుట్టూ చూస్తే, దగ్గర్లో ఉన్నది లూదియా. చెయ్యి చాపింది. ఆ రక్తంలోంచి జన్యువు తీసి బ్యాక్టీరియాలో పెట్టారు. అప్పటినుంచి ఆ బ్యాక్టీరియాకు లూదియా గుణాలు వచ్చాయి. క్రిస్మస్ వారంలో హుషారుగా పెరిగేది. పక్క గదిలో ఎవరైనా బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పితే ఇంకాస్త. కానీ తలుపు దడాలున పడిందా, ఊగుతున్న ఫ్లాస్కులోనే అడుగుకు దిగిపోయేది. మళ్లీ లేవడానికి ఒక పూట పట్టేది. ఆ పూటకు ఎంజైమ్ లేనట్టే.

లూదియా రెండేళ్లు కాపురం చేసి, విరిగిన చేత్తో పుట్టింటికి వచ్చిన మనిషి. విడాకులై ఆరేళ్లు. ఇప్పుడు నాకేం భయంలేదని అందరికీ చెప్పేది. ఫ్లాస్కు ఒప్పుకునేది కాదు. ఇంద్రజ మేడమ్ తలుపులన్నిటికీ రబ్బరు వేయించింది. గాజుసామాను కడిగే రహమత్‌బీ స్టీలు ట్రేలు మాని ప్లాస్టిక్‌వి పట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

తూకం యంత్రం కింద కదలని బల్ల కావాలని ఆళ్లగడ్డ నుంచి నల్లరాతి పలక తెప్పించారు. పని పట్టింది నతానియేలు. విగ్రహాలకు రాయి కోసే మిషను పక్కన పన్నెండేళ్లు నిలబడి చెవులు సగం పోగొట్టుకున్నవాడు. ఆయన మంచినీళ్లు అడిగినా వీధి చివరకు వినిపిస్తుంది. అందుకే వరండాలోనే మాట్లాడి పంపేవాళ్లు. కొలతల కోసం మూడుసార్లు వచ్చాడు. కొలతలకు ఒక్కసారి చాలునని ల్యాబులో అందరికీ తెలుసు. మూడోసారి తర్వాత వాళ్ల అక్క కబురు పంపింది, లూదియాను చేసుకుంటామని.

పలక వచ్చే రోజు రహమత్‌బీ అడిగింది. "ఏం చెప్తావ్ పాపా ఆయప్పకు?"

"వద్దని చెప్తా. ఆ గొంతు ఇన్నావు కదా."

"గొంతు సరే. మనిషి మంచోడు మాదిరి ఉండాడే."

"మొదటాయన గూడా అట్లనే ఉండె. మెల్లగా మాట్లాడేటోడు."

రహమత్‌బీ కడిగిన సీసాలు బోర్లించింది.

నతానియేలు, ఇద్దరు కూలీలు పలకను లోపలికి మోసుకొచ్చారు. దించుతుండగా ఒక కూలీ చెయ్యి జారింది. పలక అంచు నేలకు తగిలి గది దద్దరిల్లింది. లూదియా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని గోడకు అతుక్కుపోయింది. ఫ్లాస్కులో బ్యాక్టీరియా అంతా అడుగుకు దిగింది.

ఇక కూలీకి తిట్లు తప్పవని అందరూ అనుకున్నారు. "కాలికి తగల్యా కదప్పా?" అని మాత్రం అడిగాడు నతానియేలు. ఆ తర్వాత లూదియాను చూశాడు. ఆరడుగుల మనిషి ఉన్నచోటే నేల మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. దగ్గరికి రాలేదు, ఏమైందని అడగలేదు. రహమత్‌బీ టీ తెస్తే కూర్చునే తాగాడు. ఆయన గ్లాసు ఖాళీ అయ్యేలోపల ఫ్లాస్కు మళ్లీ తెల్లగా లేచి నిలబడింది.

లూదియా నమ్మలేక దాని మీదికి వంగింది. అప్పుడే ఆయన ఇంద్రజ మేడమ్ గది వైపు తిరిగి నోరు తెరిచాడు. "పలకకు ఏం కాల్యా మేడమ్. ఈడనే పెడతాండాం." అద్దాలు అదిరాయి. ఫ్లాస్కు బెదరలేదు. తను బెదిరిందా అని లూదియా చూసుకుంది. లేదు. ఇన్నాళ్లూ పెద్ద గొంతంటేనే భయమనుకుంది. మొదటాయన ఇంట్లో గొంతు ఎప్పుడూ లేవలేదు, కొట్టే ముందు తలుపు గడియ మెల్లగా పడేది, అంతే. ఆమెకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి.

పని ముగిసి కూలీలు ఆటో దగ్గరికి పోయారు. నతానియేలు గడప దగ్గర ఆగాడు.

"జవాబు ఈపొద్దే చెప్పల్లని ల్యా. వద్దన్నా నేనేమనుకోను." ఆ మాట ల్యాబంతా విన్నది. ఇంద్రజ మేడమ్ తన గదిలో కాగితాలు తిరగేస్తున్నట్టు నటించింది.

"ఆదివారం ఇంటికి రాండి," అంది లూదియా.

"ఏందీ?"

ఆమె ఇంకొంచెం గట్టిగా అంది. ఆయన చెవి ముందుకు వంచాడు. "ఇనపల్యా."

ఆరేళ్లుగా ఎవరి ముందూ ఎత్తని గొంతు ఎత్తింది లూదియా. "ఆదివారం ఇంటికి రాండి, మా నాయనతో మాట్లాడండి అంటాండా." బయట ఆటో డ్రైవరు కూడా తిరిగి చూశాడు.

"ఇనపడింది," అని నతానియేలు అంతకన్నా గట్టిగా అన్నాడు. లూదియా చెవులు మూసుకుని నవ్వింది.