బిట్రగుంట అవ్వ

డాక్టర్ పద్మిని రిటైరై మూడేళ్ళయింది. అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో వాళ్ళింటికి దగ్గరగా ఉన్న వృద్ధుల కేర్ సెంటర్‌కి గురువారాలు వెళ్ళి, చూపు తగ్గినవాళ్ళకి పేపరు చదివి పెడుతుంది. ఒక గురువారం నర్సు ఆమెను హాల్లోనే ఆపింది. ఫిలిస్ అనే తొంభై మూడేళ్ళ ఆవిడ వారం రోజులుగా ఇంగ్లీషు మానేసి ఇంకేదో భాష మాట్లాడుతోందట. ఇండియాలో పుట్టినట్టు ఫైల్లో ఉంది, ఒకసారి వింటారా అని అడిగింది.

హిందీ అయి ఉంటుందనుకుంటూ వెళ్ళింది పద్మిని. కిటికీ పక్క కుర్చీలో, నీలికళ్ళ ముసలావిడ దుప్పటి అంచు నలుపుతూ కూర్చుని ఉంది.

“ఆకలేస్తా ఉండాదవ్వా. సంగటి పెట్టవా?”

అది నెల్లూరు తెలుగు. పద్మినిది కావలి. ఆ యాస మేనత్త పోయాక మళ్ళీ ఆమె చెవిన పడలేదు. దగ్గరగా కూర్చుని, “ఏ ఊరమ్మా మీది?” అని అడిగింది.

“బిట్రగుంట. మా నాయన మెయిలు బండి డ్రైవరు.”

శనివారం ఫిలిస్ కూతురు లిండాను కలిసింది. లిండా స్కూల్ లైబ్రేరియన్‌గా చేసి మానేసింది. తల్లి ఇంగ్లీషు కుటుంబంలో పుట్టిందనీ, తన తాత, అంటే ఫిలిస్ తండ్రి, ఇండియా రైల్వేలో ఆఫీసరనీ చెప్పింది. “అమ్మను పెంచిన ఆయా ఒకామె ఉండేది. పేరు అవ్వ. అమ్మకి ఆమె గుర్తొస్తోంది,” అంది.

అవ్వ అంటే పేరు కాదు. పద్మిని చెప్పబోయి ఊరుకుంది.

ఇంటికొచ్చి భర్త మూర్తికి చెబితే, ఆయన ల్యాప్‌టాప్ మూసి, “నువ్వు ఇన్వాల్వ్ అవ్వకు పద్మా. అది వాళ్ళ ఫ్యామిలీ మేటర్,” అన్నాడు. ఆ మాట సబబే. అయినా గురువారం దాకా ఆగలేకపోయింది.

మంగళవారం మళ్ళీ వెళ్ళింది. ఆ రోజు ఫిలిస్‌కి మనసు తేటగా ఉంది. అడగకుండానే చెప్పుకొచ్చింది. ఫిలిస్ తాత ఇంగ్లండు నుంచి వచ్చిన ఫోర్‌మన్. ఆయన కట్టుకున్న అవ్వ ఆ పక్క పల్లె మనిషి. చీర కట్టేది, వక్కాకు నమిలేది. రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్లందరూ ఎన్నడూ చూడని ఇంగ్లండునే ‘హోమ్’ అనుకునేవాళ్ళు. కొత్తవాళ్ళెవరైనా ఇంటికొస్తే అవ్వ వంటింట్లోనే ఉండాలి.

“నాకు పన్నెండేండ్లప్పుడు, కిస్మస్‌కి ఇన్‌స్టిట్యూట్‌లో, మా రైల్వే క్లబ్బులో, డాన్సు. నేల నున్నగా ఉండాలని చెక్క మీద పౌడరు చల్లినారు. మద్రాసు నుంచి బ్యాండు వచ్చింది. చలిగా ఉండాదని అవ్వ నాకు శాలువా ఎత్తుకొచ్చింది. కొత్త ఆఫీసరు పెండ్లాం నన్ను చూసి, ఆమె ఎవురని అడిగింది.”

“ఏం చెప్పారు?”

“‘మా ఆయా’ అని చెప్పినా.” ఫిలిస్ కిటికీ వైపు చూసింది. “అవ్వకి ఆ మాత్రం ఇంగ్లీషు తెలుసు. ‘అవును దొరసానీ, ఆయానే’ అని శాలువా నా భుజాన కప్పి పోయింది. ఇంటికొచ్చినాక కూడా ఏమన్లేదు నన్ను. తిట్టుంటే బాగుండు.”

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు, నలభై ఎనిమిదిలో, వాళ్ళు ఇంగ్లండుకు ఓడెక్కారు. అవ్వ అక్కడి చలికి తట్టుకోలేదని వదిలేసి వచ్చారు. ఫిలిస్ ఉత్తరం రాయలేదు. లండన్‌లో నర్సయింది, ఒక అమెరికన్‌ను పెళ్ళాడి డెట్రాయిట్ వచ్చింది. భర్తకీ ఆయా కథే చెప్పింది.

“లిండాకి నువ్వు చెప్పమ్మా. నాకు ఇంగ్లీషులో ఆ మాట రాదు.”

 తను చెబితే అది వార్త అవుతుంది, అంతే అనుకుంది పద్మిని. “మీరే చెప్పండి. తెలుగులోనే చెప్పండి. నేను పక్కన కూర్చుని ఇంగ్లీషు చేస్తాను.”

శనివారం అలాగే జరిగింది. ఫిలిస్ ఆగి ఆగి చెప్పింది. పద్మిని ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట కలపలేదు. లిండా మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోయింది. పార్కింగ్‌లో తన కార్లో కూర్చుని ఉండటం కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. చేయకూడని పని చేశానేమో అనుకుంది పద్మిని. ఇరవై నిమిషాల తర్వాత ముఖం కడుక్కుని వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది లిండా.

“ఆమె అసలు పేరేమిటో అడగండి.”

పద్మిని అడిగింది. ఫిలిస్ నుదురు ముడిపడింది, పెదవులు కదిలాయి. “కాయితాల్లో మేరీ హార్టన్ అని రాసినారు. అది చర్చి ఫాదరు పెట్టింది. సొంత పేరు...” తల అడ్డంగా ఊపింది. “అడగనే లేదు నేను. అవ్వ అంటే పలికేది.”

ఈసారి పద్మిని ఇంగ్లీషు చేయలేకపోయింది. పద్మిని ముఖం చూసి, తల్లికి ఆ పేరు తెలియదని లిండాకే అర్థమైంది. తల్లి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, అవ్వ అంటే గ్రాండ్‌మదరేనా అని పద్మినిని నెమ్మదిగా అడిగింది. అవునంది పద్మిని.

“అవా,” అంది లిండా.

ఫిలిస్ పద్మిని వైపు తిరిగింది. “దీనికి నోరు తిరగలేదు చూడు.” కూతురి చెయ్యి వదలకుండానే, పసిపిల్లకు నేర్పినట్టు, వత్తి పలికింది. “అవ్వ. అను.”