స్వామి ముద్ర వేసిన గుర్రాలు

చెరువు అడుగున నెర్రెలు విచ్చిన ఏడాది మా గుర్రాలు పాక కప్పును తిన్నాయి. నాన్న నిచ్చెన వేసుకుని పైకెక్కి, పాత వరిగడ్డిని మోపులుగా కిందికి తోసేవాడు. నేను దాన్ని దులిపి, బూజు పట్టిన పోచలు ఏరేసి, నీళ్ళు చిలకరించి తొట్టిలో వేసేదాన్ని. కప్పు పలచబడిన కొద్దీ పాకలోకి ఎండ దిగేది. ముసలి గుర్రాలు ఆ ఎండమచ్చలు తప్పించుకుంటూ గోడవైపు జరిగేవి.

మా ఊరు కోరుకొండ పక్కనే. వాకిట్లో నిలబడితే కొండమీది నరసింహస్వామి గుడి కనిపిస్తుంది. గోదావరి కాలువలు మా మెట్ట దాకా రావు. వాన పడితే చెరువు, చెరువు నిండితే పంట. కింద, రావులపాలెం వైపు, కాలువల పక్కన ఆ ఏడు కూడా పచ్చగానే ఉందని చెప్పుకునేవారు. అక్కడ పండిన ధాన్యం పడవలకెక్కి ఎక్కడెక్కడికో పోయింది. మిగిలిన గడ్డిని ఎవరూ వాకిలి దాటనివ్వలేదు.

మా నాన్న అప్పాజీ మంచి రోజుల్లో గడ్డి అమ్మేవాడు. బండి నింపుకుని రాజమండ్రిలో దొరల బంగళాలకు తోలుకుపోయేవాడు. ఒకసారి కుంటిపడిన గుర్రాన్ని కాల్చిపారేయమని దొర చెబుతుంటే విని, గడ్డికి డబ్బు వద్దు, ఆ గుర్రాన్ని ఇప్పించమని అడిగి ఇంటికి తెచ్చాడు. ఆ సంగతి పాకింది. జట్కావాళ్ళు పనికిరాని గుర్రాలను మా గుమ్మంలో వదలడం మొదలుపెట్టారు. కొందరు చెప్పి వదిలేవారు. కొందరు కంచెకు కట్టేసి, వెనక్కి చూడకుండా పోయేవారు.

అలా వచ్చినవాటిలో ఒక ఎర్ర గుర్రం ఉండేది. దాన్ని వదిలినవాడు సత్తియ్య. రాజమండ్రిలో జట్కా తోలేవాడు. గుర్రం కాలికి నాన్న ఆకుపసర్లు కట్టి, ఉలవలు ఉడకబెట్టి పెట్టి, ఒక ఏడాదికి దాన్ని మామూలుగా నడిచేలా చేశాడు. నడిచిందని తెలిసి సత్తియ్య వచ్చి తోలుకుపోయాడు. తన గుర్రమే కాబట్టి నాన్న కాదనలేకపోయాడు. ఆ వేసవిలోనే అది బండి కిందే పడి చచ్చిపోయింది.

ఆ తర్వాత నాన్న కమ్మరి దగ్గరకు వెళ్ళి స్వామి నామం ఆకారంలో ఒక ఇనప ముద్ర చేయించాడు. మా వైపు దేవుడి పేరున ఆంబోతును వదిలితే దాన్ని ఎవరూ కాడికి కట్టరు, చేలో పడినా కొట్టరు. గుర్రాలకు అలా ముద్ర వేసినవాళ్ళను ఎవరూ చూడలేదు. ఊళ్ళో ముందు నవ్వారు. అర్చకులు పూజ చేసి ఇచ్చాక నవ్వడం మానేశారు. మా ఇంటికి వచ్చిన ప్రతి గుర్రానికీ తొడమీద ముద్ర పడింది. ఇక వాటికోసం ఎవరూ తిరిగి రాలేదు. పైగా ఆడవాళ్ళు చాటల్లో ఉలవలు, తవుడు తెచ్చి పెట్టేవారు. తీర్థానికి వచ్చినవాళ్ళు కొండ దిగి మా పాక దాకా వచ్చి, గుర్రాల కాళ్ళు తాకి కళ్ళకద్దుకునేవారు.

చుక్క మా పాకలోనే పుట్టింది. ఎవరో వదిలేసిన గుడ్డి ఆడగుర్రం కడుపుతో ఉందని మాకు ఆలస్యంగా తెలిసింది. నుదుట తెల్లచుక్కతో పుట్టిన పిల్ల పుట్టిన రోజే లేచి నిలబడి తల్లిని పొడవడం మొదలుపెట్టింది. ఏడాది నిండాక నాన్న నిప్పుల్లో ముద్ర పెట్టాడు.

"ఒళ్ళు గట్టిగా ఉన్న పిల్ల. దానికెందుకు వాత?" అంది మా అమ్మ అచ్చాయమ్మ.

"రేపు నేను లేకపోతే ఎవడో పట్టుకుపోయి బండికి కడతాడు."

"నువ్వు లేకపోతే నేనుంటానుగా. నన్ను కూడా ఎవడో పట్టుకుపోతాడనా?"

నాన్న నవ్వాడు గానీ ముద్ర తీయలేదు. "దీని మెడమీద బండి పట్టా పడకూడదు అచ్చాయి," అన్నాడు. నేను పిల్ల తల పట్టుకున్నాను. వాత పెట్టిన చోట వెన్న రాస్తూ నాన్న ఆ పూటంతా దాని పక్కనే కూర్చున్నాడు.

కరువు వచ్చాక చాటలు రావడం ఆగిపోయింది. ఒక్కసారిగా ఆగలేదు. ముందు ఉలవలు పోయి తవుడు వచ్చింది, తర్వాత తవుడు పోయి కుడితి వచ్చింది. ఉలవలు మనుషులే ఉడకబెట్టుకుని తింటున్నారు. రోజూ పెట్టిన ఆడవాళ్ళు మా పాక ముందు నుంచి నీళ్ళకు పోవలసి వస్తే కొంగు సర్దుకుంటూ అవతలి పక్కకు చూసేవారు. గుర్రాలు మాత్రం వాళ్ళ అడుగుల చప్పుడు గుర్తుపట్టి కంచె దగ్గరకు వచ్చి మెడలు చాపేవి. అందుకని కొందరు చుట్టుదారిన పోవడం మొదలుపెట్టారు.

ముసలివి రెండు సంక్రాంతి లోపే పోయాయి. మిగిలినవాటిలో మూడేళ్ళు నిండిన చుక్క ఒక్కటే గట్టిగా నిలబడగలిగేది. దాని పక్కటెముకలు కూడా లెక్కపెట్టేటట్టు తేలాయి.

ఫాల్గుణ మాసంలో కోరుకొండ తీర్థం దగ్గరపడుతుండగా సత్తియ్య వచ్చాడు. కాలినడకన వచ్చాడు. వాకిట్లో తలగుడ్డ తీసి నిలబడ్డాడు.

"దండాలండి అప్పాజీ గారు."

"గుర్రాన్ని వదలడానికి వచ్చావా సత్తియ్యా? చోటుంది. గడ్డే లేదు."

"వదలడానికి గుర్రం ఎక్కడుందండీ. తర్వాత కొన్నదీ ఈ కరువులో పోయింది. బండి మిగిలింది. నేను, బండి, ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటున్నాం."

అమ్మ మజ్జిగనీళ్ళు ఇచ్చింది. తాగి, చుక్కను చాలాసేపు చూశాడు. దాని చుట్టూ తిరగలేదు. ముందువైపు నుంచే చూశాడు.

"మా బావమరిది రావులపాలెంలో ఉంటాడండి. వాడి కళ్ళంలో గడ్డివాము ఉంది. ఈ పిల్లని నాకిస్తే వానలు పడేదాకా మీకు గడ్డి తోలిస్తాను. తక్కినవన్నీ బతుకుతాయి. దీన్నీ నేను మాడ్చనండి. మాడితే నాకేం వస్తుంది?"

నాన్న చుక్కను పట్టుకుని పక్కకు తిప్పాడు. తొడమీద ముద్ర ఎండలో నల్లగా మెరిసింది.

సత్తియ్య తల గోక్కున్నాడు. "దీనికి కూడా వేశారా? ఇది ఇక్కడే పుట్టింది కదండీ."

"వేశాను."

"ఎందుకండీ?"

"నీకోసమే," అన్నాడు నాన్న.

సత్తియ్యకు అర్థమైంది. ఎర్ర గుర్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. "స్వామి గుర్రాన్ని కడితే నా బండి ఎవరెక్కుతారండీ? దొంగలు కూడా ఎక్కరు," అని లేచాడు.

నాన్న అతన్ని కూర్చోమని చెప్పి కొండెక్కాడు. నేనూ వెంట వెళ్ళాను. అర్చకులు విస్తరి కుడుతున్నారు. నాన్న సంగతంతా చెప్పి, ఆ ఒక్కదాని ముద్ర చెల్లకుండా చేయడానికి ఏదైనా పూజ ఉందా అని అడిగాడు.

"ఇచ్చింది నువ్వు అప్పాజీ," అన్నారాయన. "పుచ్చుకున్నది నేను కాదు. తిరిగి ఇవ్వడానికి నా చేతిలో ఏముంది?"

ఆయన మాటలో కోపం లేదు. లోపలికి వెళ్ళి దద్ధోజనం ఒక ఆకులో పెట్టి తెచ్చి, గుర్రాలకు పెట్టమని ఇచ్చారు. నాన్న దాన్ని మెట్లన్నీ దిగేదాకా రెండు చేతుల్లో పట్టుకుని తెచ్చాడు. ఇంటికి వచ్చి ఒక్కో గుర్రానికి చిటికెడు చొప్పున నాలుకమీద పెట్టాడు. అవి అరచేతిని నాకుతూ వదల్లేదు.

సత్తియ్య ఇంకా అరుగుమీదే కూర్చుని ఉన్నాడు. అప్పుడు అమ్మ గోనెసంచులు రెండు విప్పి, దబ్బనం తీసింది. రెండు గోనెలు కలిపి కుట్టి, అంచుకు తాళ్ళు పెట్టి, చుక్క నడుము నుంచి తొడల కిందిదాకా కప్పి చూసింది. ముద్ర కనిపించలేదు.

"ఎండకి కప్పానని చెబుతాను," అన్నాడు సత్తియ్య.

నాన్న కొండవైపు వీపు పెట్టి నిలబడి, చుక్క మెడకు తాడు తనే వేశాడు.

తర్వాత కొద్దిరోజులకు గడ్డిబండి వచ్చింది. కాలువ నీళ్ళతో పండిన గడ్డి, పసుపుపచ్చగా, ఇంకా పొలం వాసనతో. గుర్రాలు తింటుంటే పాకంతా ఒకటే నమిలే చప్పుడు. అమ్మ పని మానేసి ఆ చప్పుడు వింటూ కూర్చుంది. గుడ్డి గుర్రం మాత్రం మధ్యమధ్య తినడం ఆపి, కూతురు నిలబడే చోట మూతి పెట్టి వెతికేది.

తీర్థం రోజున నేను అమ్మతో కలిసి కొండ కిందికి వెళ్ళాను. ఖర్జూరాలు, గాజులు, పెద్ద అంగళ్ళేమీ ఆ ఏడు రాలేదు. జనం మాత్రం వచ్చారు. వానకోసం మొక్కుకునేవాళ్ళే ఎక్కువ. రాజమండ్రి జట్కాలు వరసగా చింతచెట్ల కింద ఆగాయి. మూడో బండికి చుక్క ఉంది. ఒళ్ళు కాస్త నిండింది. నన్ను చూసి చెవులు నిక్కించింది. నేను దగ్గరకు పోలేదు. పోతే ఎవరైనా గుర్తుపడతారని భయం.

ఆ బండిలోంచి ఒక నడివయసు మనిషి దిగింది. గోదావరి ఒడ్డున చేపలమ్మే రత్తమ్మ. ప్రతి ఏడూ తీర్థానికి వచ్చి మా పాక దాకా నడిచి వచ్చేది, గుర్రాలకు బెల్లం పెట్టేది. దిగి, మోకాళ్ళు నొక్కుకుని, చుక్కవైపు చూసింది. ఎండ మండిపోతోంది. గోనె కింద నుంచి చెమట కారి దాని కాళ్ళమీద చారలు కట్టింది.

"నోరులేనిది ఉడికిపోతోంది బాబూ. బండి ఆపావుగా, ఇప్పుడైనా ఈ గోనె తియ్యి," అంది.

"ఉండనీ అమ్మా, ఈగలు."

"ఈగలకంటే నువ్వే పీక్కుతినేలా ఉన్నావు," అంటూ తనే తాడు ముడి లాగింది. ఆమె చేయి వలల ముళ్ళు విప్పే చేయి. సత్తియ్య అటునుంచి ఇటు వచ్చేలోపే గోనె కింద పడింది.

రత్తమ్మ ముద్రను చూసి, చుక్క నుదుట తెల్లమచ్చను చూసి, వచ్చిన దారిని చూసింది. "దీనికి నేను బెల్లం పెట్టాను," అంది మెల్లిగా. "రాజమండ్రి నుంచి దీనిచేతే లాగించుకుని స్వామి దగ్గరికి వచ్చాను." అని నేలమీద కూలబడి చుక్క ముందుకాళ్ళు పట్టుకుంది. బండిలో వచ్చిన తక్కినవాళ్ళు చెంపలేసుకున్నారు. చుట్టూ జనం మూగారు. ఎవరో పసుపు తెచ్చి దాని డెక్కలకు రాశారు, ఎవరో నుదుట కుంకుమ పెట్టారు, ఒకామె తన కొడుకు తలను దాని ముద్రకు ఆనించింది. చుక్క వాళ్ళ చేతులన్నీ ఒక్కొక్కటిగా వాసన చూసింది. ఏ చేతిలోనూ తినేది లేదు.

సత్తియ్యను ఎవరూ ఒక్కమాట అనలేదు. అతనే పట్టాలు విప్పి, తాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నాన్నగారికి చెప్పండమ్మా. బండి ఇక తిరగదు. బండి తిరక్కపోతే గడ్డి రాదు," అన్నాడు. బండి కర్రలు తనే భుజాలకెత్తుకుని, ఖాళీ జట్కాను గుర్రంలా లాక్కుంటూ జనంలోంచి రోడ్డెక్కాడు. పిల్లలు కొందరు నవ్వుతూ వెంటపడ్డారు. వాళ్ళను అదిలించకుండానే వెళ్ళిపోయాడు.

రత్తమ్మ మాతో పాటు ఇంటిదాకా వచ్చింది. నాన్న ముందు నిలబడి, గోనె విప్పినది తనేనని చెప్పుకుంది.

"తప్పు నీది కాదమ్మా," అన్నాడు నాన్న.

"ముద్ర ఉన్నదాన్ని చేలో పడ్డా ఎవరూ కొట్టరు బాబూ. కిందికి తోలెయ్యండి. రాజమండ్రి దాటగానే కాలువ గట్లమీద బోలెడు పచ్చిక. స్వామి సొత్తు, స్వామి గట్టుమీద మేస్తుంది. ఇక్కడ కట్టుకుని మీరు చేసేదేముంది?"

నాన్న ఆ మాట రెండు రోజులు ఆలోచించాడు. గడ్డి ఆఖరి మోపు అయ్యాక తెల్లవారుతూనే అన్నింటినీ విప్పి తోలుకుని బయల్దేరాడు. చుక్క ముందు, దాని తోకకు మూతి ఆనించి గుడ్డి తల్లి వెనక, తక్కినవి వాటి వెనక. మర్నాడు ఒక్కడే తిరిగి వచ్చాడు. "పచ్చిక మోకాలెత్తు ఉంది," అన్నాడు. "వదిలిన వెంటనే తలలు దించేశాయి. నావైపు చూడలేదు." ఆ మాట సంతోషంగానే చెప్పాడు. కాళ్ళు కడుక్కుని, పాకవైపు పోకుండా వీధరుగుమీద కూర్చున్నాడు.

మూడోనాటి సాయంత్రం, తొట్టిలో మేత వేసే వేళకు, డెక్కల చప్పుడు వినిపించింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. చుక్క ముందు, తల్లి వెనక. తక్కినవాటిలో బూడిదరంగు ముసలిది రాలేదు. మిగిలినవన్నీ వచ్చాయి. కొన్నింటి మూతులకు ఇంకా పచ్చిక రసం ఎండి ఉంది. దాన్ని వదిలి, అంత దూరం నడిచి వచ్చాయి. కంచె తలుపు తీసే ఉంది. దేని చోటికి అది వెళ్ళి, ఖాళీ తొట్టి ముందు వరసగా నిలబడ్డాయి.

"ఇంకోసారి తోలు," అంది అమ్మ.

"ఇంకోసారి నడిస్తే చచ్చిపోతాయి," అన్నాడు నాన్న.

పాకమీద కప్పు ఎప్పుడో అయిపోయింది. వాసాల మధ్య నుంచి ఆకాశం, అందులో ఒక్క మబ్బు కూడా లేదు. నాన్న నిచ్చెన తెచ్చి మా వంటపాకకు వేశాడు. అమ్మ లోపలికి వెళ్ళి అన్నం కుండను, నీళ్ళ కడవను ఒక్కొక్కటిగా బయటకు తెచ్చి చూరు కింద నుంచి దూరంగా పెట్టింది. నాన్న పైకెక్కి గడ్డి పీకి కిందికి తోశాడు. ఏళ్ళ తరబడి పొగ తాగిన గడ్డి, నల్లగా, జిగురుగా, మసి రాలుతూ వచ్చింది. నేను ఎంత దులిపినా మసి పోలేదు. రెండుసార్లు కడిగి తొట్టిలో వేశాను.

గుడ్డి గుర్రం ఒక పోచ అందుకుని, నమిలి, వదిలేసింది. చుక్క మూతి పెట్టి వాసన చూసి తల పక్కకు తిప్పుకుంది. నాన్న నిచ్చెన దిగి వచ్చి, ఆ గడ్డినే గుప్పెడు తీసి, దద్ధోజనం పెట్టినట్టు అరచేతిలో పట్టుకుని దాని మూతి దగ్గర పెట్టాడు. చుక్క గడ్డిని పక్కకు తోసి, నల్లబడ్డ ఆ అరచేతిని నాకడం మొదలుపెట్టింది. నాన్న చేయి తీయలేదు.