అసన్‌కుల్ కోసం పెట్టిన శోకం

అసన్‌కుల్ పోయిన మర్నాడు ముంగిట్లో కంబళి డేరా వేసి, తెర వెనక ఆయన్ని పడుకోబెట్టారు. తెర ముందు భార్య సబీరా, కూతురు బురుల్ వచ్చేవాళ్ళకి వీపు పెట్టి, డేరా గోడవైపు తిరిగి కూర్చున్నారు. మనిషి పోయిన ఇంట్లో మా కిర్గిజ్ ఆడవాళ్ళ చోటు అదే. లేవకూడదు, తిరగకూడదు. బయట మగవాళ్ళు కర్రల మీద వాలి నిలబడి, కొత్తగా ఎవరొచ్చినా గొల్లుమంటారు. అది విని లోపల ఆడవాళ్ళు శోకం అందుకోవాలి. తండ్రికి శోకం పెట్టని కూతురంటే ఊరంతా మొహాన ఉమ్మేస్తుంది.

బురుల్ ఇంకా నోరు విప్పలేదు. పొద్దున్నే పెదనాన్న టోక్తోసున్ వచ్చి చెప్పిన మాట అడ్డుపడుతోంది.

"నువ్వు రష్యావాళ్ళలో కలిసిపోయావని ఊరందరికీ తెలుసు. నీ ఖర్మ నీది," అన్నాడాయన వెనక నుంచి వంగి. "కానీ మా వాడి గురించి కూడా గుసగుసలు లేచాయి. అల్లా తప్ప దేవుడు లేడని కలిమా చదువుతూ పోయాడని శోకంలో నీ నోటితోనే చెప్పు. లేదంటే గొయ్యి తవ్వేవాళ్ళు పారలు పడేస్తామంటున్నారు. గుట్ట మీద శ్మశానంలో మీ అన్న గోరీ పక్కన వాడికి చోటుండదు."

"నేనెవరిలోనూ కలవలేదు పెదనాన్నా. కిర్గిజ్ దాన్నే."

"కిర్గిజ్ అంటే ముసల్మానే. పంది తినేవాళ్ళ దేవుణ్ణి నెత్తిన పెట్టుకుని ఏం మాటలే అవి?"

"నేను పంది తినను."

"అది కూడా తినకపోతే ఇంకేం ఒరిగిందని పోయావు?" అనేసి, జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు. ఆ మనిషి ఎప్పుడూ అంతే, అడగడమే తెలుసు.

జవాబు తండ్రి విన్నాడు. మొన్నటి చలికాలంలో ఓ మధ్యాహ్నం జీను కుట్టుకుంటూ, "మీలో చేరాలంటే ఏం నమ్మాలే?" అన్నాడు. చెప్పింది. దేవుడు ఒక్కడే. ఆయన కొడుకు యేసు మనిషై పుట్టాడు, మన పాపాలకి తను చచ్చిపోయాడు, మూడోనాడు లేచాడు, మళ్ళీ వస్తాడు. మన మంచితనం చూసి కాదు, తన దయ కొద్దీ మనల్ని దగ్గరికి తీసుకుంటాడు.

"అంతేనా? గుర్రం మాంసం మానక్కర్లేదా?"

"అక్కర్లేదు నాన్నా."

"పులిసిన గుర్రప్పాలు?"

"తాగు."

"పర్లేదే, మీవాళ్ళు తెలివైనవాళ్ళే," అని నవ్వాడు. కానీ మర్నాడు మళ్ళీ అడిగాడు, ఆ తర్వాతా అడిగాడు. కొన్నాళ్ళకి అడగడం మానేసి, జీను కుట్టుకుంటూ ఆ మాటలే తనూ చెప్పుకోవడం మొదలుపెట్టాడు. పోయేముందు మాత్రం నవ్వలేదు. "ఎవరితోనూ కొట్లాడకు తల్లీ. నా గురించి అబద్ధం మాత్రం చెప్పకు," అన్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. నిజంగా గొయ్యే.

బయట ముల్లా వచ్చినట్టున్నాడు, మగవాళ్ళు గొల్లుమన్నారు. సబీరా కూతురి మోకాలు గిల్లింది.

"అందుకోవే. పెదనాన్న చెప్పమన్నది చెప్పు. నాకోసం చెప్పు."

"అమ్మా, నాన్న..."

"నాకు తెలుసు. గోడలకే చెవులుంటాయంటారు, నాకుండవా? అయినా చెప్పు. ఆయన్ని కొడుకు పక్కన పెట్టనీ. తర్వాత నన్నూ అక్కడే పెడతారు. ఇంకేం అడిగానే నిన్ను?"

బురుల్ శోకం అందుకుంది. అందరు కూతుళ్ళలాగే మొదలుపెట్టింది.

"మంచులో దారి చూపిన నాన్నా, మూగ గుర్రం మనసెరిగిన నాన్నా..."

డేరాలోని ఆడవాళ్ళు ఏడ్చారు. మోకాలి మీద తల్లి పట్టు కాస్త సడలింది. ఇప్పుడు కలిమా మాట రావాలి. బురుల్ నోరు తెరిచింది. అబద్ధం నాలుక దాకా వచ్చింది, దాటలేదు.

"మా పాపాలకి చచ్చి లేచిన యేసుని, జీను కుట్టుకుంటూ నమ్మిన నాన్నా... నీ మంచితనం మూట విప్పకుండా, ఆయన దయ చాలని పోయిన నాన్నా..."

బయట ఏడుపులు ఆగిపోయాయి. ఎవరూ ఆపమనలేదు. ఎవడి నోరైనా మూయొచ్చు గానీ, శోకం పెడుతున్న కూతురి నోరు మూయడం మా వంశంలోనే లేదు. అయ్యేదాకా నిలబడి వినాల్సిందే, విన్నారు. ఆమె గొంతు బొంగురుపోయేదాకా విన్నారు.

తర్వాత ముల్లా శవానికి నమాజు చదవకుండానే గుర్రమెక్కి వెళ్ళిపోయిన చప్పుడైంది. శవాన్ని బయటికి మోసుకెళ్ళారు. ఆనవాయితీగా ఊరివాళ్ళని అడగాల్సిన మాట టోక్తోసునే అడిగాడు.

"చెప్పండి, నా తమ్ముడు ఎలాంటి మనిషి?"

బురుల్ కంబళికి చెవి ఆనించింది.

"మంచి మనిషి," అన్నారెవరో. "మంచి మనిషే," అన్నారు మిగతావాళ్ళూ.

"మంచివాడే," అన్నాడు టోక్తోసున్. "కానీ గుట్ట మీదికి కాదు."

ఇంటి వెనక బంగాళదుంపల మడిలో పెట్టారు. పారలు మాత్రం ఎవరూ పడెయ్యలేదు, అందరూ తలో చెయ్యీ వేశారు.

మగవాళ్ళు వెళ్ళాక సబీరా వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. దుంపల మడిలో కొత్త మట్టి కనిపిస్తోంది, దాని వెనక ఎత్తున కొడుకున్న గుట్ట. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చాలాసేపు అటూ ఇటూ చూసి, కూతురి వైపు తిరిగింది.

"మరి నన్నెక్కడ పెడతావే?" అంది.