థర్స్టన్ బల్లెక్కిన రోజు

చర్చిలో పునీత క్రిస్పిన్ పండుగ పూజ ముగిసిందో లేదో, ఊరంతా ఎమ్మాట్ బీరు అంగట్లో చేరింది. ఫ్రాన్సులో రాజుగారు గెలిచిన రోజది. ఆ యుద్ధంలో విల్లు పట్టిన థర్స్టన్‌ను ఏటా ఆ రోజున బల్ల ఎక్కించి కథ చెప్పించుకోవడం ఆనవాయితీ. రాజు పోయి ఆరేళ్లయింది. కథకు మాత్రం చావు లేదు.

ఈ ఏడు పొయ్యి పక్కన ఒక కెప్టెన్ సైన్యంలో చేరేవాళ్ల పత్రం పరుచుకుని కూర్చున్నాడు. ఫ్రాన్సు మీదికి మళ్లీ విలుకాళ్లు కావాలట. ఎమ్మాట్ ఒక్కగానొక్క కొడుకు రాండల్ అప్పటికే అతని ఎదుట నిలబడ్డాడు.

ఎమ్మాట్ థర్స్టన్‌ను పీపాల వెనక్కి లాగింది. "వాణ్ణి ఆపన్నా. నువ్వు గీసిన గీత దాటడు వాడు."

ఎలా ఆపుతాడు? వాడికి ఆ పిచ్చి ఎక్కించిందే తను. ఆమె మొగుడు డికాన్ రాజు పక్కన పోరాడి, రాజు చేతిలో చెయ్యి పెట్టి ప్రాణం విడిచాడని పదమూడేళ్ల కిందట చెప్పాడు. చంకలో మూడేళ్ల బిడ్డతో నిలబడ్డ మనిషికి ఇంకేం చెప్పగలడు? జాలిపడి ఆడిన ఒక్క అబద్ధం. దాని మీద ఏడాదికో అంతస్తు లేచింది.

రాండల్‌ను పెరట్లోకి తీసుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "మీ నాన్న యుద్ధం దాకా రాలేదురా. నెల ముందే, కోట ముట్టడి దగ్గర, రక్తవిరేచనాలతో పోయాడు. గుడారంలో తన కంపులో తానే పడి, నీళ్లు నీళ్లంటూ."

రాండల్ పకపకా నవ్వాడు. "అమ్మ చెప్పమందా మావయ్యా? నీకు అబద్ధమాడ్డం చేతకాదు, వదిలెయ్."

ఇక నలుగురిలో చెప్పడమొక్కటే దారి.

"బల్లెక్కవయ్యా, చెవులు దురద పెడుతున్నాయి!" కమ్మరి హామండ్ అరిచాడు.

థర్స్టన్ ఎక్కాడు. "ఇవాళ అసలు కథ చెప్తా. మాలో సగంమంది పంట్లాం లేకుండానే కొట్లాడాం. కడుపులు ఆగలేదు మరి."

ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. "ఇది కొత్తగా కలిపాడ్రోయ్!" అన్నాడు కమ్మరి.

"నవ్వకండ్రా. చేతులెత్తేసిన ఖైదీల్ని చంపమన్నాడు రాజు. నేను ముగ్గుర్ని చంపాను. ఒకడు నా కాళ్లు పట్టుకున్నాడు."

నవ్వు ఆగింది. థర్స్టన్‌కు ఊపిరాడినట్టయింది. అంతలో కెప్టెన్ ముంత ఎత్తి, "రాజాజ్ఞ!" అన్నాడు. "రాజాజ్ఞ!" అని అందరూ హోరెత్తించారు.

ఇక మిగిలింది డికాన్ సంగతి. థర్స్టన్ నోరు తెరిచాడు. ఎదురుగా ఎమ్మాట్. ఏటా కథ ఇక్కడికి రాగానే చేసే పనే చేసింది. చేతిలో ముంతలు కింద పెట్టి, తలగుడ్డ సవరించుకుని, పెళ్లికూతురిలా నిలబడింది. ఈ ఒక్క మాట మీదే ఆమె పదమూడేళ్లు బతికింది.

"మరిచిపోయాడు ముసలోడు," అంటూ కమ్మరి అందుకున్నాడు. "అప్పుడు రాజు గుర్రం దిగి..." ఒక్కొక్కరే గొంతు కలిపారు. ఒక్క మాట పొల్లు పోలేదు. థర్స్టన్ దగ్గే చోట అందరూ దగ్గారు. అందరికన్నా పెద్ద గొంతు రాండల్‌ది.

కథ అయ్యాక వాడు పత్రం మీద సంతకానికి బదులు శిలువ గుర్తు గీసేసి వచ్చాడు. థర్స్టన్‌కు చెయ్యి అందించి బల్ల మీంచి దించాడు.

"మావయ్యా, నేనూ అక్కడే పోయాననుకో, అమ్మకు నువ్వే చెప్పాలి. నాన్న గురించి చెప్పావే, అంత బాగా. చెప్తావు కదూ?"

"చెప్తానురా," అన్నాడు థర్స్టన్.